ఒంగోలు గిత్త, నెల్లూరు గొర్రె ఊలుతో అల్లాలి: మూపురం నిలవట్లేదు, గంగడోలు చుట్టుకుపోతోంది

ఊలుబుట్ట (కావలి):

సూదులతో బొమ్మలు అల్లేవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. నెట్‌లో దొరికిన ఆవు బొమ్మ ప్యాటర్న్ పట్టుకుని దాన్ని ఒంగోలు గిత్తగా మార్చాలని చూస్తున్నా. పక్కన జోడీగా నెల్లూరు గొర్రె కూడా కావాలి. ఎత్తు 20 సెం.మీ. దాటకూడదు. ఆరేళ్ళు పైబడిన పిల్లలు ఆడుకోవడానికి.

వాడుతున్నది తెల్ల ఎక్రిలిక్ ఊలు, 10 నంబరు పొడుగు సూదులు. గొట్టంలా అల్లే రెండు మొనల సూదులు నా దగ్గర లేవు కాబట్టి అన్నీ విడి ముక్కలుగా అల్లి కుట్టాలి. ఒళ్ళు 56 కుట్లు.

ఇబ్బందులు ఇవీ. మూపురం గిన్నెలా విడిగా అల్లి వీపు మీద కుట్టాను, రెండు రోజులకే ఒక పక్కకి ఒరిగిపోతోంది. గంగడోలు (మెడ కింద వేలాడే తోలు) అల్లితే అంచులు లోపలికి ముడుచుకుని తాడులా అవుతోంది. కాళ్ళు నాలుగూ బయటికి జారి బొమ్మ బోర్లా పడుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి చూపించినా "బాగుంది, ఏ కుక్క ఇది?" అంటున్నారు. గొర్రె సంగతి ఇంకా ఘోరం. ఉంగరాల ఊలుతో అల్లితే మేఘంలా ఉంది కానీ మన గొర్రెలా లేదు.

కొలతలతో సహా చెప్తే మేలు.

---

గిత్తసూది (ఒంగోలు):

అక్కా, మీ అల్లికలో తప్పేం లేదు, ప్యాటర్న్‌లోనే ఉంది. ఆ ఆవు బొమ్మ కట్టింది నల్ల మచ్చల విదేశీ పాడి ఆవు మీద. దానికి వీపు చదును, మెడ కింద తోలు వేలాడదు. దాని మీద మూపురం అతికిస్తే గిత్త కాదు. జాతి తెలిసేది రంగుతోనో మెళ్ళో గంటతోనో కాదు, పక్కనుంచి చూసే గీతతో. తెల్ల ఊలు తీసేసి నీలం ఊలుతో అల్లినా "ఒంగోలు గిత్తే" అనిపించాలి. అనిపించకపోతే ఆకారం మళ్ళీ చూసుకోవాలి.

ముందు ఒక పక్క ఫొటో తీసుకోండి, అచ్చంగా పక్కనుంచి తీసింది. ఒంగోలు దగ్గర చదలవాడలో ఈ జాతి పశుక్షేత్రం ఉంది, బండలాగుడు పందేల్లో కూడా మంచి గిత్తలు కనబడతాయి. నెట్‌లో వెతికితే మాత్రం జాగ్రత్త. మన దగ్గర్నుంచి వెళ్ళి బ్రెజిల్‌లో "నెలోర్" పేరుతో పెరిగిన పశువుల ఫొటోలే ఎక్కువ వస్తాయి. వాటిలో కొమ్ముల్లేని రకం కూడా ఉంది. అవి చూసి కొలతలు తీసుకోవద్దు.

ఆ గీతను మామూలు గళ్ళ కాగితం మీద గీసి గళ్ళు లెక్కపెట్టి అల్లితే బొమ్మ అణిగిపోతుంది. ఎందుకంటే కుట్టు చదరంగా ఉండదు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. 3 మి.మీ. సూదులతో నేను చెప్పబోయే గేజ్ 10 సెం.మీ.కి 26 కుట్లు, 36 వరసలు. ఈ లెక్కన 18 కుట్లు దాదాపు 7 సెం.మీ. వస్తే, 18 వరసలు 5 సెం.మీ.యే వస్తాయి. అంత ఎత్తు రావాలంటే 25 వరసలు అల్లాలి. కుట్లు 5 అయితే వరసలు 7, ఈ నిష్పత్తిలో గళ్ళు గీసుకుంటే గీసిందే వస్తుంది.

సూది మార్చండి. 10 నంబరు అంటే 3.25 మి.మీ., బొమ్మకి 11 నంబరు, అంటే 3 మి.మీ., వాడాలి. స్వెటర్‌కి మెత్తగా ఉండాలి కాబట్టి పెద్ద సూది, బొమ్మకి దూది బయటికి కనబడకూడదు కాబట్టి చిన్న సూది. అల్లిన ముక్కను వేళ్ళతో అడ్డంగా లాగి చూడండి, కుట్ల సందుల్లోంచి చర్మం కనబడితే ఇంకో సైజు సన్న సూదికి మారండి. పైగా కూరిన తర్వాత అడ్డంగా సాగుతుంది, సుమారు పదోవంతు లావెక్కుతుంది. కాగితం మీద అనుకున్న చుట్టుకొలత కన్నా తక్కువే అల్లాలి.

సరుకు: తెల్ల ఊలు 60 గ్రా., నలుపు 10 గ్రా., బూడిద రంగు 15 గ్రా., కూరడానికి ఫైబర్ దూది 100 గ్రా. దాకా.

ఇక ఒళ్ళు. ఒకే ముక్క, పిర్ర దగ్గర మొదలై మెడ దాకా, అంచులు కలిపే కుట్టు పొట్ట కింద వస్తుంది.

12 కుట్లు ఎక్కించండి. నిట్ వరసల్లో (నున్నటి బయటి వైపు అల్లేవి) 8 కుట్ల చొప్పున పెంచాలి: 20, 28, 36, 44. మధ్యలో ఒక్కో పర్ల్ వరస (వెనక వైపు అల్లేది). ఆ తర్వాత పెంపు నెమ్మదించాలి, మూడు వరసలు మామూలుగా అల్లి నాలుగో వరసలో పెంచుతూ 52, 60. అన్నీ వెంటవెంటనే పెంచితే పిర్ర పళ్ళెంలా బల్లపరుపుగా వస్తుంది, గుండ్రం తిరగదు. 60 వచ్చాక 30 వరసలు నేరుగా, అంటే పెంచకుండా, తగ్గించకుండా.

ఇప్పుడు మూపురం. దీన్ని విడిగా అల్లి అతికించొద్దు. సాక్స్ మడమ ఎలా తిప్పుతామో అలా ఒంట్లోంచే తీయాలి. 60 కుట్లలో మధ్య 16 మీదే పని, అటు 22, ఇటు 22 కదలవు.

నిట్ వైపు 37 కుట్లు అల్లి, 38వ కుట్టు మెడకి ఊలు చుట్టి వెనక్కి తిరగండి. పర్ల్ 14, తర్వాతి కుట్టుకి చుట్టి తిరగండి. నిట్ 13, చుట్టి తిరగండి. పర్ల్ 12, చుట్టి తిరగండి. ఇలా ఒక్కొక్కటీ తగ్గిస్తూ మధ్యలో 4 మిగిలేదాకా. అప్పటికి రెండు వైపులా ఆరేసి చుట్టిన కుట్లు ఉంటాయి. ఇప్పుడు వెనక్కి రావాలి: 4 అల్లి, పక్కన చుట్టి ఉన్న కుట్టుని దాని చుట్టుతో కలిపి అల్లి, దాని పక్కదానికి ఊలు చుట్టి తిరగండి. ఒక్కో వరసకి ఒక్కో కుట్టు కలుపుకుంటూ 16 అయ్యేదాకా. తిరిగొచ్చేటప్పుడు కొన్ని కుట్ల మీద రెండేసి చుట్లు ఉంటాయి, రెండిటినీ సూది మీదికి ఎత్తుకుని కలిపి అల్లాలి. ఒకటి వదిలేస్తే అక్కడ చిల్లు పడుతుంది. మొత్తం 24 చిన్న వరసలు, మూడు సెం.మీ. పైచిలుకు ఎత్తున సంచి లేస్తుంది.

మీ మూపురం ఒరగడానికి రెండు కారణాలు. ఒకటి, గిన్నె అంచు సాగే గుడ్డ మీద కుట్టారు. వీపు అడ్డంగా సాగినప్పుడల్లా కుట్టు కదులుతుంది. రెండోది, మూపురంలో దూదికీ ఒంట్లో దూదికీ మధ్య అడ్డు లేదు, పిల్లలు నొక్కితే మూపురంలోది కిందికి దిగిపోతుంది. అందుకని పొట్ట కుట్టకముందే మూపురం మటుకు గట్టిగా కూరండి. తర్వాత లోపలివైపు నుంచి దాని నోటికి అడ్డంగా అదే ఊలుతో ఓ ఆరు పొడుగు టాకాలు, వాటికి అడ్డంగా మరో ఆరు వేస్తే జల్లెడలా అడ్డు నిలుస్తుంది. టాకాలు గట్టిగా లాగొద్దు, లాగితే మూపురం మొదట్లో నొక్కుడు పడి పుట్టగొడుగులా కనబడుతుంది. మంచి గిత్త మూపురం రెండు పక్కలా నిండుగా, నిటారుగా ఉండాలి, లొత్తలు ఉండకూడదు, ఏ పక్కకీ వాలకూడదు. పశువుల పోటీల్లో చూసేదీ అదే.

మూపురం అయ్యాక 10 వరసలు నేరుగా. తర్వాత రొమ్ము: ప్రతి నిట్ వరసలో మొదట ఒక కుట్టు అల్లి రెండుసార్లు రెండేసి కలపండి, చివర్న కూడా రెండుసార్లు రెండేసి కలిపి ఒకటి అల్లండి. వరసకి 4 తగ్గుతాయి. ఆరు నిట్ వరసల్లో 60 కాస్తా 36. తగ్గింపు అంతా పొట్ట వైపే కాబట్టి వీపు గీత తిన్నగా ఉండి రొమ్ము కింద నుంచి పైకి లేస్తుంది.

మెడ 14 వరసలు. నేరుగా అల్లితే తల ముందుకి చాచినట్టు ఉంటుంది, గిత్త ఠీవి రాదు. నిట్ వరస మొదట్లో 12 కుట్లు అల్లి, చుట్టి తిరిగి పర్ల్ చేసుకుంటూ రండి, తర్వాత వరస మొత్తం అల్లండి. పర్ల్ వరస మొదట్లోనూ అలాగే. ఇలా రెండు వైపులా మూడేసి సార్లు. గొంతు వైపు పొడవు పెరిగి మెడ దానంతటదే పైకి లేస్తుంది. చివర మూయకుండా కుట్లని ఊలు మీదికి ఎక్కించి ఉంచండి, తల అక్కడ కూర్చుంటుంది.

గంగడోలు, కాళ్ళు రాత్రికి రాస్తా.

---

కొక్కెం (సింగరాయకొండ):

గిత్తసూది గారు చెప్పిన మడమ పద్ధతి బాగుంది గానీ, కొత్తవాళ్ళకి అందులో చిల్లులు తప్పవు. క్రోషే వచ్చినవాళ్ళైతే మూపురం మటుకు కొక్కెంతో గుండ్రంగా అల్లేసి కుట్టుకోవచ్చు. 2.5 మి.మీ. కొక్కెం, సింగిల్ క్రోషే, మొదట 6, తర్వాత వరసగా 12, 18, 24, ఆ పైన 6 వరసలు పెంచకుండా. సింగిల్ క్రోషే అల్లికలా సాగదు, అంచు కూడా ముడుచుకోదు, కాబట్టి కుట్టాక కదలదు. నరసాపురం లేసు అల్లే సన్న స్టీలు కొక్కెం దీనికి పనికిరాదు, ఊలు పోగుల్ని చీలుస్తుంది.

ఒళ్ళంతా క్రోషేతో చేస్తే ఇంకా తేలికే, అయితే బొమ్మ గట్టిగా బిర్రుగా ఉంటుంది. గిత్తకి నున్నటి చర్మం లాంటి మెరుపు సూదుల అల్లికకే వస్తుంది.

---

గిత్తసూది (ఒంగోలు):

కొక్కెం గారూ, ఆకారానికి పనికొస్తుంది, కాదనను. కానీ పక్కపక్కన పెడితే క్రోషే ముడులు, అల్లిక కుట్లు రెండూ వేరుగా కనబడతాయి, మూపురం టోపీ పెట్టినట్టుంటుంది. మూపురం మొత్తం బూడిద రంగులో చేసేవాళ్ళకైతే రంగు మారేచోటే కుట్టు పడుతుంది, అప్పుడు మీ పద్ధతి ఒప్పుకుంటా.

ఇక గంగడోలు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ చేసే మామూలు అల్లిక గుడ్డ పక్క అంచులు వెనక్కి, కింది అంచు ముందుకి ముడుచుకుంటాయి. అది దాని గుణం, ఇస్త్రీ చేసినా మారదు. పైగా ఎక్రిలిక్‌కి వేడి తగిలిస్తే మెరుపు, సాగుడు రెండూ పోయి చచ్చిపడిన గుడ్డ అవుతుంది. గంగడోలుకి గార్టర్ అల్లిక, అంటే రెండు వైపులా నిట్టే. దానికి ముడుచుకునే గుణం లేదు.

అడ్డంగా అల్లాలి. 3 కుట్లు ఎక్కించి, ఒక్క అంచులోనే వరస విడిచి వరస ఒకటి పెంచుతూ 11 దాకా, 16 వరసలు. 48 వరసలు నేరుగా. మళ్ళీ అదే అంచులో తగ్గిస్తూ 16 వరసల్లో 3కి తెచ్చి మూసేయండి. గార్టర్ వరసలు దగ్గరగా కూర్చుంటాయి, 80 వరసలకి 15 సెం.మీ. కాస్త పైన వస్తుంది. దాని తిన్నటి అంచుని దవడ కింద నుంచి రొమ్ము మీదుగా ముందుకాళ్ళ మధ్య దాకా 12 సెం.మీ. గీత మీద ఇమడ్చి కుట్టండి. ఆ మూడు సెం.మీ. మిగులే మడతలు. బిగువుగా కుట్టేస్తే మడతలు పోయి పడవ తెరచాపలా ఉంటుంది. లోపల దూది పెట్టకండి.

కాళ్ళు. నలుపుతో 16 కుట్లు, 5 వరసలు గార్టర్, ఇది గిట్ట. తెలుపుకి మారి మామూలు అల్లిక. 12, 16, 20, 24 వరసల్లో రెండేసి పెంచితే 24 అవుతాయి. 32 వరసలయ్యాక వచ్చే రెండు వరసల మొదట్లో ఆరేసి మూసేయండి. మిగిలిన 12 మీద ఇంకో 8 వరసలు, ప్రతి నిట్ వరసలో అటొకటి ఇటొకటి తగ్గిస్తే 4 మిగులుతాయి, మూసేయండి. ఈ నాలికే తొడ, జబ్బ. కాలు కుట్టు లోపలివైపు ఉండేలా పెట్టి, నాలికని ఒంటి పక్క మీదికి పరిచి కుట్టాలి. కాలు పై అంచు మటుకు పొట్ట కిందే ఉండాలి. చాలామంది కాలు మొత్తాన్ని పక్కల మీద అతికిస్తారు, బరువు పడగానే బయటికి జారేది అందుకే.

కాలు లోపల తీగ పెట్టొద్దు. ఎంత వంచి కుట్టినా ఓ రోజు మొన బయటికొస్తుంది. పాత కాటన్ చీర నుంచి 9 సెం.మీ. వెడల్పు పట్టీ చించి, బీడీలా బిగువుగా చుట్టి, దారం కుట్టేసి లోపలికి తోయండి, చుట్టూ సందుల్లో కొంచెం దూది. ఉతికినా జరగదు. గిట్ట అడుగున జీన్స్ గుడ్డ రెండు పొరలు, 2 సెం.మీ. వెడల్పు గుండ్రంగా కత్తిరించి పెడితే చదునుగా నిలబడుతుంది.

ముందుకాళ్ళు సరిగ్గా మూపురం కిందికి రావాలి. అవి రెండు వేళ్ళు ముందుకి జరిగినా కుక్క కూర్చోబోతున్నట్టుంటుంది. మీకు వచ్చిన మాట బహుశా అక్కడిదే.

కొమ్ములు పొట్టి, మొదట్లో లావు, బయటికీ వెనక్కీ పోతాయి. బూడిద రంగు 8 కుట్లు, 4 వరసలు, 6కి తగ్గించి 4 వరసలు, 4కి తగ్గించి 2 వరసలు, లాగి కట్టేయండి. పొడుగ్గా వీణ వంపు తిప్పితే అది గుజరాత్ కాంక్రేజ్ జాతి పశువు అవుతుంది.

తల మూతి నుంచి మొదలెట్టండి. నలుపు 8, తర్వాతి నిట్ వరసలో 16, దాని తర్వాతిదానిలో 24. 6 వరసలయ్యాక రంగు మార్చి 8 వరసలు నేరుగా. నుదుటి దగ్గర మధ్యలోనే 4 చొప్పున రెండుసార్లు పెంచి 32. 8 వరసల తర్వాత 24, 16, 8కి తగ్గించి లాగేయండి. చెవులు పొడుగ్గా, కొంచెం వాలి ఉండాలి.

కంటి చుట్టూ నల్లటి చర్మం ఉంగరంలా ఉంటుంది ఈ జాతికి, కన్ను కూడా గుండ్రం కాదు, కోలగా. 8 మి.మీ. నల్ల కన్ను ఒక్కటే పెడితే బొమ్మ బెదిరినట్టు చూస్తుంది. కన్ను కన్నా కొంచెం పెద్దగా నల్ల ఫెల్ట్ గుడ్డని కోలగా కత్తిరించి కింద పెట్టి, పైన కన్ను బిగించండి, ముఖం మారిపోతుంది. తోక వెనక మోకాలు దాటి దిగాలి, కొసన నల్ల కుచ్చు.

---

దారప్పోగు (ఆత్మకూరు):

రంగు గురించి ఒక ముక్క. గిత్తకి తల, మెడ, మూపురం దగ్గర ముదురు బూడిద ఛాయ ఉంటుంది, అది మచ్చలా కాదు, తెలుపులోకి కరిగిపోతుంది. అది రావాలంటే లావు ఊలు ఒక్క పోగు కాకుండా, సన్న ఊలు రెండు పోగులు కలిపి అల్లండి. ఒంటికి తెలుపు, తెలుపు. మూపురానికి నాలుగు వరసల ముందు నుంచి ఒక పోగు తెలుపు, ఒకటి బూడిద. మూపురం నడుమ రెండూ బూడిద. మెడలో మళ్ళీ కలగలుపు. రెండు పోగుల మందం గిత్తసూది గారి గేజ్‌కి సరిపోతుందో లేదో ఒక చిన్న ముక్క అల్లి చూసుకోవాలి, లేకపోతే పై లెక్కలన్నీ తారుమారు. ఆవు చేస్తే ఈ బాధే లేదు, తెలుపే.

నల్ల ముక్కల్లో తెల్ల దూది సందుల్లోంచి మెరుస్తుంది. గిట్టలకి, మూతికి లోపల పాత నల్ల సాక్స్ ముక్క ఒక పొర వేసి కూరండి.

బూరుగు దూది వాడాలనుకునేవాళ్ళకి: తేలిక, మెత్తన, ఊళ్ళో దొరుకుతుంది, నిజమే. కానీ దాని నూగు కుట్ల సందుల్లోంచి బయటికొచ్చి తుమ్ములు తెప్పిస్తుంది, పల్చటి మల్లు గుడ్డ సంచిలో కుట్టి పెట్టాల్సిందే. మామూలు దూది అయితే ఉండలు కట్టి, మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన ముసురులో తడి ఆరక ముక్కిన వాసన పట్టుకుంటుంది. ఉతికే బొమ్మకి ఫైబర్ దూదే మేలు.

---

జోడిపి (పొదలకూరు):

గొర్రె గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను చెప్తా. నెల్లూరు గొర్రెకి ఊలు ఉండదమ్మా. అది వెంట్రుకల గొర్రె. ఒంటి మీద మేకకున్నట్టు పొట్టి నున్నటి వెంట్రుకలు, రొమ్ము దగ్గర, జబ్బల మీద, వెనక తొడల దగ్గర మటుకు కాసిని పొడుగు వెంట్రుకలు. ఉంగరాల ఊలు వాడిన క్షణమే అది మెరీనో జాతి వైపు వెళ్ళిపోయింది. మామూలు ఊలు, గిత్తకి వాడిన నున్నటి అల్లికే.

దీన్ని పట్టిచ్చేది కాళ్ళ పొడుగు. మన దేశంలో గొర్రె జాతులన్నిటిలో ఎత్తైనది ఇదే. మొత్తం ఎత్తులో సగం పైన కాళ్ళే ఉండాలి. అదే గేజ్‌కి: ఒళ్ళు చుట్టూ 42 కుట్లు, పొడవు 43 వరసలు, అంటే 16 సెం.మీ. చుట్టుకొలత, 12 సెం.మీ. పొడవు. కాలు 12 కుట్లు, 32 వరసలు. ఒళ్ళు ఇంకా లావు చేస్తే మళ్ళీ మేఘమే. మెడ పొడుగు, ముఖం పొడుగు, తోక పొట్టిగా సన్నగా, రెండు సెం.మీ. చాలు.

కాళ్ళు సన్నం కాబట్టి చీర పట్టీ చుట్ట ఇక్కడ తప్పదు. గిత్తకి వేసినదాంట్లో సగం మందం.

చెవులు పొడుగ్గా వేలాడాలి. గంగడోలు దగ్గర శత్రువైన ముడుచుకునే గుణమే ఇక్కడ చుట్టం. 3 కుట్లతో మొదలెట్టి 7కి పెంచి 14 వరసలు మామూలు అల్లిక. పక్క అంచులు పర్ల్ వైపుకి చుట్టుకుంటాయి, కాబట్టి నిట్ వైపు బయటికి పెట్టి, మొదట్లో సగానికి మడిచి కుట్టండి. చెవి దొన్నెలా తయారై కిందికి వాలుతుంది. ఇస్త్రీ, గార్టర్ రెండూ వద్దు.

గొంతు కింద రెండు చన్నులు చాలావాటికి ఉంటాయి, మేకకి ఉన్నట్టే. కొక్కెంతో ఆరు గొలుసు కుట్లు వేసి, వెనక్కి అల్లుకుంటూ వస్తే ఒకటి తయారు. ఇవి పెట్టగానే చూసినవాళ్ళు "మన గొర్రె!" అంటారు. చిన్న పనే, వదలొద్దు.

రకం ఏదో ముందే అనుకోండి. దొర అంటే ఒళ్ళంతా గోధుమ రంగు, ఇది అన్నిటికన్నా సులువు. పల్ల అంటే తెలుపు, లేదా తెలుపు మీద తల, మెడ, వీపు, కాళ్ళ దగ్గర లేత గోధుమ మచ్చలు. జోడిపి అంటే తెలుపు మీద పెదాల చుట్టూ, కళ్ళ చుట్టూ, కింది దవడ మీద నలుపు, పొట్ట, కాళ్ళ మీద కూడా. జోడిపి మచ్చలకి అల్లేటప్పుడు రంగులు మార్చకండి. ఇంత చిన్న తలలో రెండు ఉండలు మెలిపెట్టుకుంటూ పోతే వెనక ఊలు లాగేసి ముఖం వంకర పోతుంది. ముఖం మొత్తం తెల్లగా అల్లి, కూరిన తర్వాత మొద్దు సూదితో నల్ల ఊలుని ఒక్కో కుట్టు దారిలోనే పైన నడపండి. తప్పు పడితే ఆ కుట్టు ఒక్కటే ఊడదీసుకోవచ్చు.

ఆడ గొర్రెకి కొమ్ములు ఉండవు. పొట్టేలుకే. 8 కుట్లు, 40 వరసలు, చివరి 16 వరసల్లో 2కి తగ్గిస్తూ రండి. గొట్టంలా కుట్టి, ఒక పక్క అంచు వెంట బలమైన దారం నడిపి లాగితే దానంతటదే చుట్ట తిరుగుతుంది. లోపల దూది పెడితే తిరగదు. కుడి కొమ్ముకి లాగిన పక్క ఎడమ కొమ్ముకి ఎదురు పక్క కావాలి, లేదంటే రెండూ ఒకే దిక్కు తిరుగుతాయి. పొట్టేలుకి జబ్బల మీద, రొమ్ము మీద ఓ పది పోగులు ముడేసి, పోగులు విడదీసి దువ్వెనతో దువ్వి, సెంటీమీటరుకి కత్తిరించండి. అంతకన్నా వేస్తే సింహం.

---

ఊలుబుట్ట (కావలి):

అక్కలారా, అన్నలారా, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. మూడు చిన్న సందేహాలు. నా దగ్గరున్న ఇంకో ప్యాటర్న్‌లో "సైజు 3 సూది" అనుంది, మన 3 నంబరు చాలా లావుంది కదా? బొమ్మ మెళ్ళో పట్టెడ, గజ్జెలు కట్టొచ్చా? ఇంకోటి, సంక్రాంతికి నెల్లూరులో ఎగ్జిబిషన్ స్టాల్‌లో కొన్ని అమ్మాలని ఉంది, ఏమైనా అనుమతులు కావాలా?

---

గిత్తసూది (ఒంగోలు):

అది అమెరికా లెక్క. వాళ్ళ నంబరు పెరిగితే సూది లావు, మన షాపుల్లో దొరికే పాత ఇంగ్లండు లెక్కలో నంబరు పెరిగితే సన్నం. వాళ్ళ 3, మన 10 ఒకటే, 3.25 మి.మీ. వాళ్ళ 8 అంటే 5 మి.మీ., మన 8 అంటే 4. ప్యాటర్న్‌లో మి.మీ. రాసి ఉంటే దాన్నే నమ్మండి, నంబరు మర్చిపోండి.

పట్టెడ ఎరుపు గార్టర్ పట్టీ, 4 కుట్లు, మెడ చుట్టూ సరిపోయేంత. గజ్జెలు మాత్రం ఊడితే నోట్లోకి పోతాయి. ఇంట్లో ఆరేళ్ళ కన్నా చిన్న పిల్లలు ఉంటే పసుపు ఊలుతో ఫ్రెంచి ముడులు (ఊలుని సూదికి చుట్టి వేసే చిన్న గుండ్రటి ముడులు) వేయండి, దూరం నుంచి గజ్జెల్లాగే ఉంటాయి. మూడేళ్ళ లోపు పిల్లలకైతే ప్లాస్టిక్ కళ్ళు కూడా వద్దు, దారంతోనే కుట్టండి. ముకుతాడు పెడితే మూతికి రెండు చివర్లూ కుట్టేయండి, వదులు తాడు మెడకి చుట్టుకునేంత పొడవు ఉండకూడదు.

---

దారప్పోగు (ఆత్మకూరు):

అమ్మకం సంగతి. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, మెత్తటి బొమ్మలు కూడా అందులోకి వస్తాయి, 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునేవన్నీ. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మే బొమ్మలకి మినహాయింపు ఉంది. పహచాన్ కార్డు అంటారు కదా, అదే. స్టాల్ బుక్ చేయకముందే ఆ నమోదు సంగతి చూసుకోండి.

ధర వేసేటప్పుడు ఊలు, దూది ఖర్చు ఒక్కటే లెక్కేయకండి. గిత్తలో అల్లడం కన్నా ముక్కలు కుట్టడం, కూరడమే ఎక్కువ సేపు పడుతుంది, గొర్రెలో జోడిపి మచ్చలు. స్టాల్‌కైతే దొర గొర్రెలు ఎక్కువ చేసి, జోడిపి ఆర్డరు మీద పెట్టుకోండి.

---

జోడిపి (పొదలకూరు):

దొర ఎక్కువ చేయమన్నారు, సరే. కానీ ఒకే రంగు ఉండలు కొనేటప్పుడు లేబుల్ మీద డై లాట్ నంబరు (ఒకేసారి రంగు అద్దిన ఉండలకి వేసే నంబరు) ఒకటే ఉందో లేదో చూసుకోండి. గోధుమ రంగులో తేడా వెంటనే కనబడుతుంది, ఒళ్ళొక రంగు కాళ్ళొక రంగు అవుతుంది. ఒక్కో గొర్రెకి 35 గ్రా. లెక్కేసుకుని, స్టాల్‌కి కావలసినంతా ఒకేసారి తెచ్చుకోండి.